ఆట మధ్యలో ఆరిపోయే కంప్యూటరు

బెంగళూరు బళేపేటలో గాజుల దుకాణాలూ, వీణలూ తబలాలూ అమ్మే అంగళ్లూ దాటి కొంతదూరం నడిస్తే సదర్ పత్రప్ప రోడ్డు వస్తుంది. జనం నోట అది ఎస్పీ రోడ్డు. కంప్యూటరు విడిభాగాలకు ఊరంతా వచ్చేది అక్కడికే. ఆట ఆడుతుండగా యంత్రం ఉన్నట్టుండి ఆరిపోతోందంటే, ఎక్కువమంది చెప్పే మందు ఒకటే: ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె) మార్చండి. కొన్నిసార్లు అది నిజమే కావచ్చు. కానీ ఆరిపోయిందంటే లోపలి రక్షణ ఏర్పాట్లలో ఏదో ఒకటి పనిచేసిందని అర్థం. అదేదో తేల్చుకోకుండా కొనే భాగానికి పెట్టిన డబ్బు దండగే అవుతుంది.

తేల్చుకోవడానికి మొదటి ఆధారం కాలం. వేడి పేరుకోవడానికి నిమిషాలు పడుతుంది. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి 100 డిగ్రీల సెల్సియస్ హద్దు. అక్కడికి చేరగానే ప్రాసెసరు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. అప్పటికీ వేడి ఆగక ఇంకా పైకి పోతేనే విద్యుత్తును తెంచేస్తుంది. కాబట్టి వేడి ముందే కబురు పంపుతుంది: ఫ్యాన్ల హోరు పెరుగుతుంది, తెరమీద ఆట తడబడుతుంది. రద్దీ వీధి దుమ్ము హీట్‌సింక్ రెక్కల మధ్య గడ్డకట్టినా, థర్మల్ పేస్టు ఎండిపోయినా ఇదే దారి. చల్లని ఊరన్న పేరు చూసి నిశ్చింతగా ఉండకూడదు. సముద్రమట్టానికి 900 మీటర్ల పైనున్న బెంగళూరులో గాలి సాంద్రత దాదాపు పదోవంతు తక్కువ. అదే ఫ్యాను అదే వేగంతో తిరిగినా మోసుకుపోయే వేడి ఆ మేరకు తగ్గుతుంది.

ఏ సూచనా లేకుండా, దీపం ఆర్పినట్టు ఆగిపోతే అనుమానం విద్యుత్తు మీదికి మళ్లాలి. గ్రాఫిక్స్ కార్డు వాడకం నిలకడగా ఉండదు. 350 వాట్ల జీఫోర్స్ ఆర్‌టీఎక్స్ 3090 లాంటి కార్డు మిల్లీసెకనులో కొంతభాగం పాటు దాదాపు రెట్టింపు లాగగలదు. సగటు చూపే మీటరుకు ఆ ఉరుకు అందదు గానీ ఎస్‌ఎంపీఎస్‌లోని రక్షణ వలయానికి అందుతుంది, అది వెంటనే సరఫరా ఆపేస్తుంది. ఈ బాధ తెలిసే 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం, తన సామర్థ్యానికి రెట్టింపు భారాన్ని 100 మైక్రోసెకన్లపాటు ఎస్‌ఎంపీఎస్ తట్టుకోవాలని కోరింది. ఆగిన యంత్రం వెనక స్విచ్ ఆపి, కాసేపాగి వేస్తేనే లేస్తోందంటే ఈ అనుమానం బలపడుతుంది. కార్డుకు రెండు ఎనిమిది పిన్నుల సాకెట్లుంటే, ఒకే తీగకున్న రెండు కొసలు కాకుండా విడివిడి తీగలు తగిలించడం మేలు. ఒక్కో సాకెట్టుకు లెక్క 150 వాట్లు.

చాలామంది మరిచేది యూపీఎస్‌ను. 600 వీఏ అని రాసి ఉన్న చిన్న యూపీఎస్ సాధారణంగా మోయగలిగేది 360 వాట్లే. ఆఫీసు పనికి అది చాలు. ఆట వేళకు మానిటరుతో కలిపి భారం ఆ గీత దాటుతుంది, యూపీఎస్ తానే చేతులెత్తేస్తుంది. దాన్ని తప్పించి నేరుగా గోడ సాకెట్టుకు కలిపి ఆడి చూడటం పైసా ఖర్చులేని పరీక్ష. అప్పటికీ ఆరిపోతుంటే, పాత మేడల్లో వైరింగూ, వదులైన సాకెట్లూ ఎలక్ట్రీషియన్‌కు చూపించాలి.

విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కనబడే కెర్నల్-పవర్ 41 చూసి కంగారు పడనక్కర్లేదు. యంత్రం సక్రమంగా మూతపడలేదని మాత్రమే అది చెబుతుంది, కారణం చెప్పదు. ప్రైమ్95తో ప్రాసెసరును, ఫర్‌మార్క్‌తో గ్రాఫిక్స్ కార్డును విడివిడిగా శ్రమపెట్టి, ఉష్ణోగ్రతలను హెచ్‌డబ్ల్యూఇన్‌ఫోతో నమోదు చేస్తే జాడ దొరుకుతుంది. చివరి నమోదులో వేడి మామూలుగానే ఉండి, కార్డు పవర్ పరిమితిని 70 శాతానికి తగ్గించగానే ఆరిపోవడం మానితే ఎస్‌ఎంపీఎస్ కొనడానికి ఎస్పీ రోడ్డుకు వెళ్లవచ్చు. పాతదాన్ని మాత్రం ఇంట్లో విప్పకూడదు. ప్లగ్గు తీశాక కూడా అందులోని కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు.