పాత పికప్పు బండికి టాకోమీటరు



మన కడప, కర్నూలు సీమలలో బేతంచెర్ల బండలకును, ఉల్లిగడ్డల మూటలకును, టమాటా పెట్టెలకును నేడు పికప్పు బండియే ఆధారము. పాత బండ్లలో పెక్కింటికి రోడ్డుమీది వేగమును చూపు మీటరు గలదు గాని, ఇంజను నిమిషమునకు ఎన్ని చుట్లు తిరుగుచున్నదో చూపు టాకోమీటరు లేదు. ఈ రెండును వేర్వేరు. ఎద్దు నడక యొకటి, దాని రొప్పు మఱియొకటి గదా! కడపనుండి రాయచోటికి పోవునపుడు గువ్వలచెరువు కనుమలో బండి నడక మందగించినను, చిన్న గేరులో ఇంజను రొప్పుచునే యుండును. చుట్లు హద్దు మీఱినను, మిక్కిలి తగ్గినను ఇంజనునకు చేటు. అందుచేత కొందఱు ఈ మీటరును బజారున కొని తగిలించుకొనుచుందురు. కొనుటకు ముందు అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: మన బండి పెట్రోలుదా, డీజిలుదా?

పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వను పుట్టించు ఇగ్నిషను కాయిలు ఉండును. నాలుగు సిలిండర్ల ఇంజను ఒక చుట్టు తిరుగునప్పటికి రెండు రవ్వలు పుట్టును. మీటరు ఆ రవ్వలనే లెక్కించును. కనుక సంకేతపు తీగెను కాయిలుయొక్క నెగటివు కొసకు కలుపవలెను. మీటరుకు సిలిండర్ల మీట యున్నచో దానిని నాలుగింటికి త్రిప్పవలెను. ఆరింట నుంచినచో, 3000 చుట్లు తిరుగు ఇంజనునకు ముల్లు 2000 మాత్రమే చూపును.

డీజిలు ఇంజనులో రవ్వ లేదు. గాలిని గట్టిగ అదుముటచే పుట్టిన వేడికే డీజిలు మండును. కాయిలే లేనిచోట పెట్రోలు మీటరు దేనిని లెక్కించును? దీనికి, ఆల్టర్నేటరుపైనుండు 'డబ్ల్యూ' అను కొసనుండి సంకేతమును గ్రహించు డీజిలు మీటరు కావలెను. ఆ కొస లేనిచో, ఫ్లైవీలు పండ్లను లెక్కించు సెన్సారును పెట్టించవలెను. ఆల్టర్నేటరు ఇంజనుకంటె వేగముగ తిరుగును గావున, మీటరును ఆ నిష్పత్తికి సరిదిద్దవలెను.

తక్కిన తీగెలలో ఒకటి, తాళము త్రిప్పినప్పుడు మాత్రమే కరెంటు వచ్చు చోటికి ఫ్యూజు ద్వారా పోవలెను. ఒకటి శుభ్రముగ గీకిన ఇనుప చట్టమునకును, మఱియొకటి దీపపు తీగెకును చేరవలెను. తీగెల రంగులు కంపెనీని బట్టి మాఱును. కూడ వచ్చిన కాగితమును చూచియే కలుపవలెను. పనికి పూనుకొనక ముందే బ్యాటరీ నెగటివు తీగెను విప్పవలెను.

ఇక ముఖ్యమైన మాట. ఇంజను నుండి తీగె లోనికి వచ్చు రేకు రంధ్రమునకు రబ్బరు కంకణము తొడుగవలెను. లేనిచో కుదుపులకు తీగెమీది తొడుగు ఒరసికొనిపోవును. కాయిలు తీగె ఇనుమునకు తగిలెనా, రవ్వ ఆగిపోయి, నిండు బరువుతో కనుమ నడుమ బండి నిలిచిపోవును. కరెంటు తీగె తగిలెనా, ఫ్యూజు లేనిచో మంట పుట్టవచ్చును. మీ యింటి పిల్లలు మెకానికు వద్దనుండి బండిని తెచ్చిన నాడు, ముల్లు తిరుగుట చూచి సంతోషించుటకు ముందు, ఆ రబ్బరును, ఆ ఫ్యూజును మీరే అడిగి చూడుడు.