పదిహేడు దాకా ఎండాలి
చేవెళ్ల, మొయినాబాద్‌లలో వరి కోత గంటల పని. ఇంటిల్లిపాదినీ కట్టిపడేస్తున్నది ఆ తర్వాతి పని.

కోతల మీద ముఖచిత్ర కథనం అనగానే పత్రికలకు ఒక బొమ్మ సిద్ధంగా ఉంటుంది. పండిన చేను, కొడవలి పట్టిన ఇల్లాలు, గట్టు మీద పిల్లలు. హైదరాబాద్ పక్కనున్న చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో ఇప్పుడు ఆ ఫొటో తీయాలంటే కొడవలి అరువు తెచ్చుకోవాలి. వరికోత మిషను మడిలో దిగిందంటే కోసి, నూర్చి, వడ్లను ట్రాక్టరు తొట్టిలో పోసి, పూట తిరక్కముందే పక్క రైతు మడిలో ఉంటుంది. అందుకే కోతలంటే కుటుంబమంతా కదిలే రోజులు పోయాయని, యంత్రం ఇంటివాళ్ల నడుము నొప్పి తీర్చిందని ఒక మాట స్థిరపడింది. అందులో సగమే నిజం. మిషను తీసేసింది ప్రధానంగా కైకిలి పనిని. ఇంటివాళ్ల పని చేలోంచి రోడ్డు పక్కకు, కొనుగోలు కేంద్రం కల్లంలోకి మారింది. పైగా రోజులు పెరిగాయి.

దీనికి సాక్ష్యం ఒక ప్రభుత్వ కాగితం. మద్దతు ధరకు కొనే వడ్లు ఎలా ఉండాలో చెప్పే నాణ్యతా ప్రమాణాల పట్టిక అది. మట్టీ రాళ్లూ 1 శాతం, గడ్డీ చెత్తా 1 శాతం, ముదరని, ముడుచుకున్న గింజలు 3 శాతం, తక్కువ రకం కలిస్తే 6 శాతం దాటకూడదు. తూర్పార పట్టో జల్లెడ పట్టో వీటి సంగతి ఒక పూటలో తేల్చవచ్చు. ఇంటిని ఆడించేది ఆఖరి గడి: తేమ, 17 శాతం. చేతికోతల కాలంలో ఈ గడి ఇంత పెత్తనం చేయలేదు. కోసిన వరిని మడిలోనే పరిచి ఎండనిచ్చేవారు. తర్వాత కట్టలు కట్టి, కుప్ప వేసి, వీలు చూసుకుని పశువులతోనో ట్రాక్టరుతోనో తొక్కించేవారు. గింజ గడ్డిలో ఉండగానే చాలామటుకు ఆరిపోయేది. అంటే ఆరబెట్టడం అనే పనిని చేనూ ఎండా కాలమూ కలిసి ఉచితంగా చేసిపెట్టేవి. మిషను ఆ మధ్యకాలాన్ని మింగేసింది. నిలుచున్న పైరు నుంచి వడ్లు నేరుగా తొట్టిలో పడతాయి, ఇరవై నుంచి పాతిక శాతం నెమ్ముతో, పంటంతా ఒక్కసారే. పచ్చి వడ్లు రాశిగా ఉంటే వేడెక్కుతాయి, రంగు మారతాయి, మొలకెత్తుతాయి. కనుక పొద్దున మంచు విడవగానే పరచాలి, పగలంతా గంటకోసారి కాళ్లతో తిరగేయాలి, పొద్దు వాలకముందే కుప్ప చేసి పరదా కప్పాలి, రాత్రి కాపలా పడుకోవాలి. దీనికి రోజూ కైకిలి ఇచ్చి మనిషిని పెట్టుకుంటే గిట్టదు. ముసలివాళ్లు తిరగేస్తారు, ఆడవాళ్లు పరచి కుప్ప చేస్తారు, బడి విడిచిన పిల్లలు పరదా అంచు పట్టుకుంటారు, మొగవాళ్లు టోకెను కోసం, గన్నీ సంచుల కోసం తిరుగుతారు. కార్తీకం శుభ్రంగా ఎండ కాసే నెలేమీ కాదు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను కోస్తాలో తీరం దాటితే, మర్నాడు తెలంగాణ కల్లాల్లోనూ వడ్లు తడిశాయి. ఒక్క వాన పడితే వారం పని మళ్లీ మొదటికొస్తుంది.

ఈ పదిహేడుకు ఇంకో గుణం ఉంది: అది ఒకవైపే కోస్తుంది. పద్దెనిమిది ఉంటే తిప్పి పంపుతారు, లేదా తరుగు తీస్తారు. పద్నాలుగు ఉంటే మెచ్చుకుని పైసా ఎక్కువ ఇచ్చేవారు లేరు. తేమ మీటరు తన కుప్పకు ఏ అంకె చూపుతుందో తెలియని ఇల్లు, భయం కొద్దీ మరో రెండు రోజులు ఎండబెడుతుంది. లెక్క వేస్తే, 17 శాతం తేమతో క్వింటాలు తూగే వడ్లు 14కు దిగితే 96.5 కిలోలే తూగుతాయి. 2025-26 మద్దతు ధర రూ.2,369 ప్రకారం క్వింటాలుకు రూ.82 పైచిలుకు గాలిలో కలిసినట్టే. జాగ్రత్తగా ఉన్నందుకు ఇల్లు కట్టే జుర్మానా ఇది.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావాలి, వస్తుంది కూడా. మద్దతు ధరలో ఇంటివాళ్ల శ్రమకు ఇప్పటికే విలువ కట్టారు కదా అని. కట్టారు. ఏటా ధర ప్రకటించేటప్పుడు కేంద్రం తన లెక్కలో ఏమేం చేరాయో వరుసగా చెబుతుంది. కూలీలు, ఎడ్లు, యంత్రాలు, కౌలు, విత్తనాలు, ఎరువులు, నీటి చార్జీలు, తరుగుదల, వడ్డీ, పంపుసెట్ల డీజిలూ కరెంటూ, ఇతర ఖర్చులు... అన్నీ అయ్యాక, చిట్టచివర, కుటుంబ శ్రమకు ఆపాదించిన విలువ. 2025-26లో అన్నీ కలిపి క్వింటాలుకు రూ.1,579, దాని మీద యాభై శాతం కలిపితే మద్దతు ధర. చివరన ఉందని అలగనక్కర్లేదు. అసలు చిక్కు వేరు: అది దేశమంతటికీ తీసిన సగటు, పైగా పనిని పనిగా కొలిచే పద్ధతి. నాటు పని, కలుపు పని అయితే గంటలు చెప్పవచ్చు. కాంటా కోసం కుప్ప పక్కన కాచుకుని ఉండటం ఏ పని కింద రాస్తారు? మబ్బు పట్టిందని పరుగెత్తుకొచ్చి, కప్పి, వాన రాకపోతే మళ్లీ విప్పిన సాయంత్రాన్ని ఎన్ని గంటలు అంటారు? నిరీక్షణకు కూలి రేటు లేదు. ధరలో కుటుంబం ఉందన్న మాట నిజమే. కోత అయ్యాక ఆ కుటుంబం పడే పాటు మాత్రం అందులో పూర్తిగా ఇమడదు.

అంత కష్టమైతే పచ్చి వడ్లే చేను గట్టున అమ్ముకోవచ్చు కదా, ఎండబెట్టడం వాళ్ల ఎంపికే కదా అనేవారూ ఉంటారు. అమ్ముతున్నారు కూడా, మద్దతు ధరకు దిగువన. ముసలివాళ్లూ చిన్నపిల్లలూ తప్ప పని చేయగల మనుషులు లేని ఇల్లు తక్కువ ధరకు తెగనమ్ముతుంది. నలుగురి చేతులున్న ఇల్లు పదిహేడు దాకా ఆగగలుగుతుంది. అంటే మద్దతు ధర వాస్తవంలో అందేది ఇంట్లో ఖాళీగా ఉన్న చేతుల సంఖ్యను బట్టి. దీన్ని ఎంపిక అనడానికి నోరు రాదు. అలాగని పాత కల్లాన్ని తలచుకుని కన్నీళ్లు పెట్టుకోవడమూ నాకు సమ్మతం కాదు. వంగి కోసిన నడుములు ఎక్కువగా భూమి లేని ఆడవాళ్లవి. ఆ కోతల పాట వినసొంపుగా ఉన్నది గట్టు మీద నిలబడ్డ ఆసామికి. మిషను రావడం తప్పు కాదు. దాని వెంట ఆరబెట్టే యంత్రం రాకపోవడం తప్పు.

ఇంతకీ నగరం పక్కన ఈ వరి ఎలా మిగిలింది? చరిత్ర క్లుప్తంగా. 1908 మూసీ వరద, దాని ఫలితంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్. ఆ జలాశయాల కోసం 1996లో 84 గ్రామాల్లో కట్టడాలను నియంత్రిస్తూ 111 జీవో. 2022లో 69వ జీవోతో సడలింపు, 2023లో రద్దుకు మంత్రివర్గ నిర్ణయం. మొయినాబాద్, చేవెళ్ల పల్లెలు కొన్ని ఆ జాబితాలోనివే. నగరం తాగునీటి కోసం వేసిన కంచె వల్లనే ఇక్కడ ఇంకా మడి మిగిలిందని చెప్పవచ్చు. ఎకరం కోట్లు పలికే చోట క్వింటాలుకు ఎనభై రూపాయల గొడవేమిటని నవ్వేవారికి జవాబు ఇదీ. ఆ కోట్లు పాసు పుస్తకంలో పేరున్నవారివి. కౌలుకు చేస్తున్న కుటుంబానికి ఆ ఎకరం మీద రైతుబంధు పెట్టుబడి సాయమూ రాలేదు. దానికి ఉన్నవల్లా వడ్లే.

*పక్క పెట్టె: మక్కలు, పత్తి, సన్నాలు*
తేమ మీటరు వరితో ఆగదు. మక్కలకు గీత 14 శాతం. పత్తికి 8 శాతం దాకా పూర్తి ధర, అక్కడి నుంచి 12 దాకా కోత, ఆపైన కొనరు. 2024 వానకాలం నుంచి రాష్ట్రం సన్న వడ్లకు క్వింటాలుకు రూ.500 బోనస్ ప్రకటించాక, కొనుగోలు కేంద్రంలో గింజ పొడవు, వెడల్పు కొలవడమూ మొదలైంది.

*పక్క పెట్టె: చేపకు ఉంది, వడ్లకు లేదు*
వడ్లు ఎండబెట్టుకోవడానికి తెలంగాణ ప్రభుత్వం ఉపాధి హామీ నిధులతో పొలాల్లో సిమెంటు కల్లాలు కట్టించింది. ఆ పని నిబంధనల్లో లేదంటూ 2022లో కేంద్రం దాదాపు రూ.151 కోట్లు వెనక్కి కట్టమంది. ఆ డిసెంబరులో రాష్ట్రంలో అప్పటి అధికార పార్టీ ధర్నాలకు దిగింది. ఆ పథకంలో అనుమతించిన పనుల జాబితాలో చేపలు ఎండబెట్టుకునే వసతులు మాత్రం అప్పటికే ఉన్నాయి.