పండుగ విందుకు ఇల్లూ వంటిల్లూ

'అతిథి' అన్న మాటకు తిథి నియమం లేకుండా వచ్చేవాడని మన పెద్దలు అర్థం చెప్పారు. పిలువగా వచ్చినవాడు అభ్యాగతుడు. తరగతిలో ఈ భేదాన్ని వివరించవలసి వచ్చినప్పుడల్లా నాకు మన రెండు ఈదులు గుర్తుకు వస్తాయి. రంజాన్ పండుగ అతిథి వంటిది. షవ్వాల్ నెలవంక కనిపిస్తే ఇరవై తొమ్మిది ఉపవాసాలతోనే తెల్లవారి పండుగ. కనిపించకపోతే ముప్ఫై నిండాక. ముందురోజు మగ్రిబ్ వేళ దాటితే గాని ఆ సంగతి తేలదు. బక్రీద్ అట్లా కాదు. జిల్‌హజ్ నెల పుట్టిన నాడే లెక్క తేలిపోతుంది. పదవ రోజున పండుగ. ఇంటినీ వంటింటినీ విందుకు సిద్ధం చేసుకొనడంలో ఈ తేడా ముఖ్యమైనది. దానిని గమనించని ఇళ్లలో చాంద్‌రాత్ అంటే ఆడవారికి జాగరణ.

ఋతువు సంగతి మరొకటి. హిజ్రీ సంవత్సరానికి సుమారు 354 రోజులే కనుక ఈ పండుగలు ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతాయి. తెలుగువారి పంచాంగంలో అధికమాసం వచ్చి ఉగాదిని వసంతంలోనే నిలుపుతుంది. హిజ్రీలో అట్టి ఏర్పాటు లేదు. మన దేశంలో 2017లో రంజాన్ పండుగ జూన్ 26న, తొలకరి దినాలలో వచ్చింది. 2024లో ఏప్రిల్ 11న, ఎండలు ముదిరాక. 2025లో మార్చి 31న. సుమారు 33 ఏళ్లకు ఒక చుట్టు పూర్తవుతుంది. చలికాలపు పండుగలు చేసిన నాయనమ్మ రాత్రే పాలు కాచి మూతపెట్టి నిద్రపోయి ఉండవచ్చు. ఏప్రిల్ నెలలో కడపలోనో కర్నూలులోనో ఆ పద్ధతి పాటిస్తే తెల్లవారేసరికి పాలు విరుగుతాయి. పెద్దల మాటను వినవలె. ఆ మాట ఏ ఋతువులో పుట్టిందో కూడా విచారించవలె.

రంజాన్ పండుగనాడు నమాజుకు బయలుదేరక ముందే ఖర్జూరాలు, ఏదైనా తీపి తినడం సున్నత్. కనుక షీర్‌ఖుర్మా తెల్లవారకముందే పొయ్యి ఎక్కవలె. అందులో ఆ రాత్రికి మిగలవలసిన పని నిజానికి స్వల్పం. సేమ్యాను నేతిలో దోరగా వేయించడం వారం ముందే చేసుకొనవచ్చు. అయితే పూర్తిగా చల్లారాక గాని డబ్బాలో పోయరాదు. వేడిమీద మూతపెడితే లోపల చెమ్మ పట్టి మెత్తబడుతుంది. బాదం నానబెట్టి పొట్టు తీసి చీల్చుకొనడం, పిస్తా తరుగుకొనడం కూడా ముందే కావలసినవి. సారపప్పును మాత్రం కొనేటప్పుడే నాలుగు గింజలు నమిలి చూడవలె. నూనె గింజ కనుక నిలవ ఉంటే కారు వాసన పట్టి, ఒక్క పిడికెడు గిన్నెడు పాలను చెడగొడుతుంది. ఎండు ఖర్జూరాలను నెలవంక చూసి వచ్చి నీళ్లలో వేస్తే చాలు. ఇక పాలలో సేమ్యా ఉడికిన తరువాతనే చక్కెర వేయవలె. ముందే వేస్తే సేమ్యా బిరుసుగా నిలిచిపోతుంది.

సన్నాహాలలో ఫిత్రాను కూడా నేను వంటింటి పద్దులోనే వ్రాస్తాను. ఇంటిలో ఉన్నవారికి తలకింత చొప్పున ధాన్యమో దాని వెలయో నమాజుకు ముందే పేదలకు చేరవలె. ఈద్గా ద్వారం దగ్గర హడావిడిగా చేతిలో పెట్టిన పైకంతో ఆ ఇల్లాలు సేమ్యా ఎప్పుడు కొనాలి, ఎప్పుడు వండాలి? నాలుగు రోజులు ముందుగా ఇస్తే ఆ ఇంట కూడా తెల్లవారకముందే పొయ్యి వెలుగుతుంది.

పాత్రల విషయంలో కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది. రాగి దేగులు గల ఇళ్లు మనలో ఇంకా ఉన్నవి. లేనివారు అద్దెకు తెచ్చుకొంటారు. రాగికి పులుపు పడదు. బిర్యానీ మాంసాన్ని పెరుగు, నిమ్మరసం కలిపి గంటల తరబడి ఉంచుతాము. కళాయి చెదిరిన పాత్రలో అట్లా ఉంచితే రాగి ఆ పులుపులో కరిగి తిన్నవారికి కడుపులో వికారం, వాంతులు కలిగిస్తుంది. కళాయి వేసేవాడు పాత్రను బాగా కాల్చి, నవసాగరం చల్లి, తగరాన్ని తాకించి దూదితో లోపలంతా పూస్తాడు. తగరం 232 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనే కరుగుతుంది. అందువల్ల ఖాళీ పాత్రను మంటమీద మరచిపోయినా పూత పాడవుతుంది. (కళాయి అన్న మాట తగరానికి గల అరబ్బీ పేరునుండి వచ్చి, ఉరుదూలోనూ తెలుగులోనూ ఇంటిమాట అయిపోయింది.) అద్దె దేగును తెచ్చేవారు దాని లోపలి అడుగును పగటి వెలుతురులో చూసి తేవలె. ఎర్రగా కనబడితే తిప్పి ఇచ్చివేయవలె.

ఇల్లు సర్దడమంటే సున్నం వేసి, తెరలు మార్చడమే అనుకొంటాము. అతిథికి కావలసినవి అవి కావు. చెప్పులు విడిచే చోటు, చేతులు కడుగుకొనే నీళ్లు, శుభ్రమైన తువ్వాలు, త్రాగే నీరు అతని కంటికి కనబడేటట్లు ఉండవలె. దస్తర్‌ఖాన్ ముందు నేలమీద కూర్చొనలేని వృద్ధులకు ఒక కుర్చీ, బల్ల ముందే వేసి ఉంచవలె. వారు వచ్చిన తరువాత వెదకడం వారిని చిన్నబుచ్చడమే. శాకాహారులైన మిత్రుల సంగతి ఇంతకన్న సున్నితమైనది. వారికి వేరు గిన్నె, వేరు గరిటె, వీలైతే వేరు పొయ్యి కేటాయించి, ఆ మాట మనమే ముందుగా చెప్పవలె. "ఇందులో ఏమి కలిసింది?" అని వారు అడిగే పరిస్థితి రానీయరాదు. మర్యాదకు అడగకుండా తిని, ఇంటికి వెళ్లి బాధపడేవారు కూడా ఉంటారు.

బక్రీద్ వంటింటి క్రమం వేరు. ఆనాటి భోజనం నమాజు తరువాత, ఖుర్బానీ మాంసంతో మొదలవుతుంది. జంతువును కోసిన కొన్ని గంటలకు కండరాలు బిగుసుకొంటాయి. ఆ సమయంలో వండిన మాంసం ఎంత ఉడికినా సాగుతూనే ఉంటుంది. కాలేయానికి ఆ బాధ లేదు, త్వరగా ఉడుకుతుంది. ముందు కలేజీ వండే మన ఇళ్ల ఆచారానికి ఇంతటి యుక్తి ఉన్నది. మిగిలిన మాంసాన్ని పెద్ద గిన్నెతో ఫ్రిజ్‌లో కుక్కితే పైన చల్లబడినా నడుమ వెచ్చదనం గంటల తరబడి నిలిచి చెడుతుంది. చిన్న చిన్న పొట్లాలుగా, పలుచగా సర్ది, నడుమ గాలి ఆడేటట్లు ఉంచవలె. పండుగకు రెండురోజుల ముందే ఫ్రిజ్‌ను ఖాళీ చేయడం కూడా సన్నాహమే. పచ్చిమాంసం కోసిన పీట మీద కీరా, ఉల్లి తరగరాదు.

విద్యార్థులకు, విశేషించి మగపిల్లలకు, ఒక మాట. ఈద్గా నుండి రాగానే మీకు దస్తర్‌ఖాన్ పరచి ఉంటుంది. దానిని పరచిన అమ్మ చాలా ఇళ్లలో అతిథులందరూ వెళ్లాక చల్లారిన అన్నం ముందు కూర్చొంటుంది. దీనిని త్యాగమని పొగడడం మనకు అలవాటైపోయింది. నాకది అన్యాయంగానే తోస్తుంది. పాలు తేవడం, నీళ్లు నింపడం, దేగు మోయడం, ఎంగిలి కంచాలు తీయడం చదువుకొన్నవారికి తగని పనులేమీ కావు. రెండవ పంక్తిలో అమ్మను కూర్చోబెట్టి మీరు వడ్డించండి.

మిగిలిన బిర్యానీ సంగతి కూడా అప్పుడే చూసుకొనండి. బియ్యంలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. అన్నం వెచ్చగా గంటల తరబడి దేగులోనే ఉంటే అవి మొలకెత్తి విషాన్ని పుట్టిస్తాయి. ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. కనుక వడ్డన ముగిసిన రెండు గంటలలోపల, ఎండాకాలమైతే ఇంకా ముందే, ఇరుగుపొరుగుకు పంపవలసినది పంపి, ఇంటికి ఉంచుకొనేది వెడల్పు పళ్లెంలో ఆరబెట్టి ఫ్రిజ్‌లో పెట్టవలె. ఖాళీ అయిన దేగును నానబోసి, ఇసుకతో గాక మెత్తని పీచుతో తోమి, చీకటి పడకముందే అద్దె దుకాణానికి అప్పగించండి.