నిప్పు గీసిన కొండలు

"దార్లో పాడైపోయిందా?" నోరుజారి అడిగేశాను.

మా ఆడపడుచు వాళ్ళు ఉద్యోగరీత్యా మూడేళ్ళు ఒసాకాలో ఉండి వచ్చారు. సామాన్లు సర్దుతూ పాత చీరల మడతల్లోంచి జానెడు ఎత్తు పూలకూజా ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. ఒకవైపు భుజం కాస్త కుంగి ఉంది. ఒళ్ళంతా గరుకు. తెల్లటి రాతి పలుకులు మన్ను చీల్చుకుని బయటికొచ్చాయి. అడుగు చూస్తే అన్నం మాడిన గిన్నె! జపాన్ వస్తువంటే నున్నగా, ముట్టుకుంటే మాసిపోయేలా ఉంటుందనుకునేదాన్ని మరి.

"పాడవడం కాదు వదినా, అలా తయారవడానికే రోజులు పట్టింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూడు."

చూశాను. భుజం మీద ఆకుపచ్చటి గాజులాంటి పొర చారలుగా కారి, ఒకచోట బొట్టై ఆగిపోయింది. దాని కింద పొద్దుగూకే వేళ ఎరుపు. ఆ కింద చీకటి. తెల్ల పలుకులు కొండవాలున కరగకుండా మిగిలిన మంచులా ఉన్నాయి. కుంచెతో గీసిన గీత ఒక్కటి లేదు.

ఆ కూజా పుట్టిల్లు షిగరాకి. క్యోటో నగరానికి ఆగ్నేయంగా, కొండల మధ్య ఉన్న కుమ్మరుల ఊరు. మధ్యయుగాల నుంచీ కుండలు చేస్తూ వచ్చిన ఆరు పాత కేంద్రాల్లో ఇదొకటి. 2017లో ఆ ఆరింటినీ కలిపి జపాన్ వారసత్వంగా గుర్తించారు. లక్షల ఏళ్ళ కిందట బీవా సరస్సు అడుగున పేరుకున్న మన్ను ఇక్కడిది. మొదట్లో చేసినవి రైతులు విత్తనాలు దాచుకునే జాడీలే, మన ఇళ్ళలో ఊరగాయ జాడీల్లా పనికోసం పుట్టినవి. పదహారో శతాబ్దంలో తేనీటి గురువులు ఆ మోటుతనం చూసి ముచ్చటపడి, చిన్న జాడీల్లో పూలు పెట్టడం మొదలుపెట్టారు. మోకాళ్ళు ముడుచుకు కూర్చున్న మనిషిలా ఉంటుందని ఒక రకానికి 'ఉజుకుమారు' అని పేరు.

మరి ఆ రంగులు ఎలా వస్తాయి? కొండవాలున సొరంగంలా కట్టే ఒంటిగది బట్టీని 'అనగామా' అంటారు. అందులో పచ్చి కూజాలు పేర్చి, పైన్ కట్టెలు రాత్రింబవళ్ళు, రోజుల తరబడి ఎగదోస్తారు. వేడి 1200 డిగ్రీలు దాటుతుంది. బూడిద మంటతో పాటు ఎగిరి కూజాల భుజాల మీద వాలి, మన్నుతో కలిసి కరిగి గాజైపోతుంది. మంట తాకిన చోట ఎరుపు, నిప్పుల్లో కూరుకుపోయిన చోట నలుపు. ఏ కూజా ఎక్కడ పెట్టాలో, ఏ వైపు మంటకి తిప్పాలో మనిషి చేతిలో ఉంది. ఆ తర్వాత అంతా నిప్పుదే. ఈ గుర్తులన్నిటినీ కలిపి వాళ్ళు 'కెషికి' అంటారు. అంటే ప్రకృతి దృశ్యం అన్నమాట!

అయితే ఆ బట్టీ దగ్గరికి ఆడవాళ్ళని రానిచ్చేవారు కాదట. మైల అని. ఆ మాట మనకెవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ ఊళ్ళోనే కొయామా కియోకో అనే ఆవిడ ఉండేవారు. 1936లో పుట్టారు. మొదట ఫ్యాక్టరీలో మట్టిపాత్రల మీద బొమ్మలు వేసే పని. పాత షిగరాకి పెంకుల మీది రంగు ఆమెని పట్టుకుంది. పైపూత ఏదీ లేకుండా, ఒక్క బూడిదతోనే ఆ రంగు రప్పించాలని పంతం. సొంతంగా అనగామా కట్టుకున్నారు. భర్తతో విడిపోయారు, ఇద్దరు పిల్లలు, చేతిలో డబ్బు లేదు. కట్టెలకి ఖర్చు, కాల్చిన ప్రతిసారీ ఓటమి. ఇంట్లో పిల్లలకి ఏం వండి పెట్టిందో అనే నాకు ముందు తోచింది. చివరికి ఆ రంగు వచ్చింది.

కొడుకు కెన్‌ఇచి కూడా కుమ్మరే అయ్యాడు. 1990లో అతనికి రక్తకేన్సర్ అని తేలింది. సరిపడే మూలుగ ఇచ్చే దాత కోసం తల్లీ, స్నేహితులూ మొదలుపెట్టిన వెతుకులాట ఉద్యమంగా మారింది. జపాన్‌లో మూలుగ బ్యాంకు 1991 డిసెంబరులో ఏర్పడటానికి తోడ్పడిన ప్రయత్నాల్లో అదొకటి. కెన్‌ఇచి మాత్రం దక్కలేదు. 1992లో, 31 ఏళ్ళకే పోయాడు. ఆమె మళ్ళీ బట్టీ ముందు కూర్చున్నారు. ఆమె జీవితం మీద 2005లో సినిమా కూడా వచ్చింది. 2023లో, 87 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

ఇదంతా మా ఆడపడుచు ముక్కలు ముక్కలుగా చెబుతుంటే, చేతిలోని కూజా బరువు పెరిగినట్టనిపించింది. ఇది ఆవిడ చేసింది కాదులెండి, అంత ఖరీదు వీళ్ళు పెట్టలేరు. కానీ అదే మన్ను, అదే నిప్పు.

పూలు పెట్టే ముందు కూజాని నీళ్ళతో తడపాలట. పైపూత లేని మన్ను కదా, తడిస్తే రంగులు లేస్తాయి. నిజమే, వానకి తడిసిన కొండలా ఆ పచ్చదనం నల్లబడి మెరిసింది. పెరట్లోంచి నందివర్ధనం కొమ్మ ఒక్కటే తెచ్చి పెట్టాం. గుత్తి పెట్టబోతే వద్దంది.

కూజా బట్టీలోంచి బయటికి వచ్చాకే దాని 'ముఖం' ఏదో చూసి నిర్ణయిస్తారట. తను ఆకుపచ్చ చార ముందుకి తిప్పింది. నాకు మాడిన వైపే బావుంది. తను వంటింట్లోకి వెళ్ళగానే మెల్లిగా తిప్పేశాను. కాఫీ కప్పులతో వచ్చి, ఏం మాట్లాడకుండా మళ్ళీ అటు తిప్పింది.