తాగుడు మానదలచినవారికి సభలు: వెదకడమెలా, వెళ్ళడమెలా?

మన తాతలు గిర్మిట్ కాగితముపై వేలిముద్ర వేసి ఫిజీ దీవులకు వచ్చారు. 1903 నుండి మద్రాసు రేవులో ఎక్కినవారిలో మన తెలుగువారు ఉన్నారు. ఒకే ఓడలో వచ్చినవారు ఒకరినొకరు ‘జహాజీ’ అని పిలుచుకొన్నారు. ఊరు వేరైనా కష్టము ఒక్కటే గనుక చుట్టరికము ఏర్పడినది. నేడు మన కుటుంబాలు అనేకము కాలిఫోర్నియాలో శాక్రమెంటో, హేవర్డ్, మొడెస్టో పట్టణాలలో ఉన్నవి. మన భాషను, పండుగలను వెంట తెచ్చుకొన్నాము. ఒక కష్టమును కూడ దాచిపెట్టి తెచ్చుకొన్నాము. అది తాగుడు.

ఇది ఎలా మొదలగునో అందరికీ తెలుసు. శనివారము సాయంత్రము గ్రోగ్ గిన్నె చుట్టూ కూర్చుంటారు. గ్రోగ్ అయిన తరువాత ‘వాష్‌డౌన్’ అంటూ బీరో, రమ్మో వస్తుంది. అందరూ తాగుబోతులు కారు. కాని కొందరికి ఆ గ్లాసు ఆగదు. ఇంటివారు “ఆయనకు ఒంట్లో బాగులేదు” అని పనిచోటికి ఫోను చేస్తారు. పరువు పోతుందని చుట్టాలకు చెప్పరు. బడిలో కొందరు పిల్లల ముఖాలు చూచి మేము సంగతి గ్రహించాము. అయినా ఊరుకొన్నాము. అది మా తప్పు. అందుచేతనే ఈ వ్యాసము వ్రాస్తున్నాము.

అమెరికాలో తాగుడు మానదలచినవారి సంఘాలలో పేరుపొందినది ఆల్కహాలిక్స్ అనానిమస్. దానిని ఏ.ఏ. అంటారు. 1935 లో బిల్ విల్సన్ అనే న్యూయార్కు షేర్ల బ్రోకరు పనిమీద ఒహాయో రాష్ట్రములోని ఏక్రన్ నగరమునకు వెళ్ళాడు. పని చెడినది. అప్పటికి కొన్ని నెలలుగా తాగుడు మానిన ఆయనకు హోటలులోని బారు కనబడినది. ఆయన బారులోనికి పోలేదు. తనవంటి మరొక తాగుడు రోగితో మాట్లాడదలచి టెలిఫోను పట్టుకొన్నాడు. అలా డాక్టరు బాబ్ స్మిత్ పరిచయమైనాడు. ఆ డాక్టరు చివరిసారి తాగిన జూన్ 10 వ తేదీనే సంఘము పుట్టినరోజుగా జరుపుకొంటారు. ఒక రోగి మాట మరొక రోగి వినడమే దీనిలోని మూలసూత్రము. ఇది పనిచేస్తుందా? 27 పరిశోధనలను పరిశీలించిన కాక్రేన్ సమీక్ష 2020 లో వెలువడినది. పూర్తిగా తాగుడు మానే విషయములో ఈ మార్గము ఇతర చికిత్సలకు తీసిపోదని, కొన్నిచోట్ల మిన్న అని అందులో తేలినది.

ఇక సభను వెదకే పద్ధతి. ఏ.ఏ. వారి ‘మీటింగ్ గైడ్’ అనే యాప్‌ను ఫోనులో పెట్టుకొంటే దగ్గరలోని సభలు, వేళలు కనబడతాయి. లేదా ప్రభుత్వపు ఉచిత నంబరు 1-800-662-4357 కు పగలైనా రాత్రయినా ఫోను చేయవచ్చు. పట్టికలో ‘ఓపెన్’ అని ఉంటే ఎవరైనా వెళ్ళవచ్చు. ‘క్లోజ్డ్’ అని ఉంటే తాగుడు మానదలచినవారే వెళ్ళాలి. ఇల్లు కదలలేనివారికి కంప్యూటరు ద్వారా జరిగే సభలు కూడ ఉన్నాయి.

మొదటి రోజు ఏమి జరుగును? చాలా సభలు గంటసేపు జరుగుతాయి. చర్చి కింది గదిలోనో, సంఘ భవనములోనో కుర్చీలు వేసి ఉంటాయి, కాఫీ ఉంటుంది. మీ పేరు చెబితే చాలు, ఇంటిపేరు అడగరు. మాట్లాడవలెనని బలవంతము లేదు. “ఈ రోజు వింటాను” అనవచ్చు. ఒకరు మాట్లాడుతుండగా మరొకరు అడ్డురారు. చందా బుట్ట తిరుగుతుంది. కొత్తవారు వేయనవసరము లేదు. కొన్నాళ్ళకు అనుభవమున్న ఒకరిని స్పాన్సరుగా కోరుకోవచ్చు. ఆయన మీరు ఫోను చేయదగిన అన్నవంటివాడు. ఒక సభ నచ్చకపోతే మరొకటి చూడండి.

చర్చిలో జరిగితే మతము మారాలా అని మన పెద్దలు అడుగుతారు. అవసరము లేదు. అక్కడ దేవుని మాట వినబడుతుంది గాని, ఎవరికి తోచిన దేవుని వారు తలచుకొంటారు. దేవుని ప్రసక్తి వద్దనుకొనేవారికి స్మార్ట్ రికవరీ వంటి సంఘాలున్నవి.

“మనవారెవరైనా అక్కడ చూస్తే?” అన్నది మరొక భయము. చూచినవాడు కూడ సాధారణముగా అదే పనిమీద వచ్చినవాడు. అక్కడ విన్నది, అక్కడ చూచినవారి పేరు బయట చెప్పకూడదన్నది ఆ సభల మర్యాద. అయినా సంకోచముంటే పక్క ఊరి సభకు వెళ్ళండి.

అక్కయ్యలు, వదినెలు, కోడళ్ళు ఒక మాట వినాలి. ఇంటివారి కోసము 1951 లో అల్-అనాన్ అనే సంఘము ఏర్పడినది. తాగేవానిని మాన్పించడము అక్కడ నేర్పరు. అతడు మానినా మానకపోయినా మనము నిబ్బరముగా బ్రతకడము నేర్చుకొంటాము. అతని అనుమతితో పని లేదు. ఇంట్లో టీనేజి వయసు పిల్లలుంటే అలటీన్ సభలున్నవి.

ఒక హెచ్చరిక. చాలకాలము రోజూ ఎక్కువగా తాగినవారు ఒక్కసారిగా మానరాదు. వణుకు, ఫిట్లు, మతిభ్రమ కలిగి ప్రాణాపాయము రావచ్చు. ముందు డాక్టరును చూడాలి. ఫిట్లు వస్తే వెంటనే 911 కు ఫోను చేయాలి.

మన తాతలకు ఓడలో తోడు దొరికినది గనుక సముద్రము దాటగలిగారు. తాగుడుతో పోరాడే అన్నయ్యలకు, తమ్ముళ్ళకు ఆ గదిలో అటువంటి జహాజీలు దొరుకుతారు. మొదటిసారి గడప దాటడమే కష్టము. ఒంటరిగా వెళ్ళలేనివారు మాకు చెప్పండి. ఓపెన్ సభకు మేము తోడు వచ్చి పక్క కుర్చీలో కూర్చుంటాము. ఈసారి ఊరుకోము.