చెప్పు జారితే తాగినట్టు కాదు

 వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సారు అడిగినప్పుడు కథో కవితో రాద్దామనుకున్నాం. కానీ ఈ సంవత్సరం మా మనసులో ఒకే విషయం తిరుగుతోంది. అదే రాస్తున్నాం.

మాకు మూడేళ్ళు సీనియర్ అయిన అన్న ఒకాయన ఉండేవాడు. ఊరు ఎమ్మిగనూరు దగ్గర పల్లె. అమ్మానాన్నలు ప్రతి ఏడాదీ సుగ్గికి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోయేవాళ్ళు. అన్న హాస్టల్లో ఉండి డిగ్రీ చదివి, ఆదోనిలో ఒక పత్తి మిల్లులో లెక్కలు రాసే పనికి కుదిరాడు. ఇరవై నాలుగో ఏట హవాయి చెప్పు కాలి నుంచి జారిపోవడం మొదలైంది. చదును నేల మీద కూడా బొటనవేలు తగిలి పడేవాడు. "ఏమిరా, పొద్దున్నే తాగినావా?" అన్నారు తోటివాళ్ళు. ఇంట్లో గాలి సోకిందని ఉరుకుంద ఈరన్న స్వామికి మొక్కుకున్నారు. ఒక డాక్టరు నడుములో డిస్కు జారిందన్నాడు, ఇంకొకాయన నరాల బలహీనత అని బలం సూదులు వేశాడు. రెండేళ్ళు అలా గడిచాక, కర్నూలు పెద్దాసుపత్రిలో ఒక డాక్టరమ్మ చీటీ రాసివ్వగా బెంగళూరు నిమ్హాన్స్‌కు పోయారు. అక్కడ జబ్బు పేరు తెలిసింది: జి.ఎన్.ఇ. మయోపతి. మయోపతి అంటే కండరాల జబ్బు, జి.ఎన్.ఇ. అనేది ఒక జన్యువు పేరు.

ఎమ్మిగనూరులో మగ్గం గుంటలో కూర్చున్నవాళ్ళ కాళ్ళను మనందరం చూసినవాళ్ళమే. పలకను కిందికి తొక్కేది ప్రధానంగా పిక్క కండరం. పాదాన్ని పైకి లేపేది మోకాలి కింద ముందువైపు, ఎముకను ఆనుకుని ఉండే కండరం. ఈ జబ్బు సాధారణంగా ముందు పట్టేది ఈ రెండోదాన్ని. అందుకే అన్న గట్టిగా తొక్కగలడు. మడమల మీద నిలబడి వేళ్ళు పైకెత్తమంటే మాత్రం లేవవు. నడిచేటప్పుడు పాదం వేలాడి నేలకు తగులుతుంది, చెప్పు నిలవదు. పాదం వేలాడటం కుష్ఠులోనూ, డిస్కు జబ్బులోనూ ఉంటుంది. అయితే వాటిలో తరచుగా తిమ్మిరి, స్పర్శ తగ్గడం కనిపిస్తాయి. ఇందులో స్పర్శ బాగానే ఉంటుంది, కండరం మాత్రమే కరిగిపోతుంది.

చాలామందికి ఇది ఇరవై, నలభై ఏళ్ళ మధ్య మొదలవుతుంది. మెల్లగా తొడ వెనుక భాగానికి, తర్వాత చేతులకు పాకుతుంది. తొడ ముందు కండరం చాలాకాలం బలంగా ఉంటుంది కాబట్టి మొదట్లో చూసేవాళ్ళు జబ్బంటే నమ్మరు. పది ఇరవై ఏళ్ళలో చాలామందికి చక్రాల కుర్చీ అవసరమవుతుంది. బుద్ధికి ఏ లోటూ ఉండదు, గుండె కూడా సాధారణంగా బాగానే ఉంటుంది. 1981లో జపాన్‌లో నొనాకా అనే వైద్యుడు, 1984లో ఇజ్రాయెల్‌లో ఇరాన్ నుంచి వచ్చిన యూదు కుటుంబాలను చూసిన వైద్యులు దీన్ని వేర్వేరుగా వర్ణించారు. రెండూ ఒకే జబ్బని 2001లో జన్యువు దొరికిన తర్వాతే తేలింది. మన దేశపు రోగుల్లో తరచుగా కనిపించే ఒక జన్యు మార్పు థాయిలాండ్ రోగుల్లోనూ కనిపిస్తుంది.

ఆ జన్యువు సియాలిక్ ఆమ్లం తయారీకి కావలసిన ఎంజైమును ఇస్తుంది. కణాల పైన ఉండే ప్రోటీన్లకు అతుక్కునే ఒక రకం చక్కెర పదార్థమిది. ఎంజైము సరిగా పనిచేయకపోతే ఇది తగ్గుతుంది, కండరం చెడిపోతుంది.

ఇక అసలు సంగతి. అన్న ఇంట్లో గొడవంతా "మా వంశంలో ఎవరికీ లేదే, ఇది వాళ్ళమ్మ వైపు నుంచి వచ్చింది" అనే మాట మీదే. అమ్మ ఎన్ని రాత్రులు ఏడ్చిందో మాకు తెలుసు. మేము సెలవుల్లో వాళ్ళింటికి పోయి పలక మీద గీసి చూపించాం. ఈ జన్యువు మనలో రెండు ప్రతులుంటుంది, ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. ఒకటి చెడినా రెండోది పని నడిపిస్తుంది, ఆ మనిషికి జబ్బు రాదు. రెండూ చెడితేనే వస్తుంది. అంటే అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి రావాలి. తప్పు అనేదే ఉంటే సగం సగం.

వాళ్ళది మేనరికం. నాన్న సొంత అక్క కూతుర్నే చేసుకున్నాడు. మూలం అవ్వ దగ్గరో తాత దగ్గరో ఉండాలి. అవ్వ అనుకుందాం. ఆమెకు ఒక చెడిన ప్రతి ఉంది, కాలు ఈడ్చకుండానే ముసలిదై పోయింది. అది కొడుక్కీ కూతురికీ వచ్చింది, కూతురి నుంచి మనవరాలికి వచ్చింది. కొడుకు, మనవరాలు పెళ్ళి చేసుకున్నారు. వాళ్ళ ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మూడు తరాలు ఎవరికీ కనబడకుండా నడిచి, అన్నలో బయటపడింది. "ఎవరికీ లేదే" అన్న మాట నిజమే, దాని అర్థమే వేరు. బయటి సంబంధం చేసుకున్నవాళ్ళకు రానే రాదని కాదు, అరుదు.

ఇదంతా ఎందుకు గీసి చూపించామంటే, అన్న చెల్లెలికి మేనమామ కొడుకుతో సంబంధం ఖాయం చేసుకోబోతున్నారు. అమ్మకు చెడిన ప్రతి ఉంది కాబట్టి ఆమె తమ్ముడికి ఉండే అవకాశం సగం, అతని కొడుక్కి నాలుగో వంతు. చెల్లెలికి ఇరవై ఏళ్ళే, తనకే జబ్బు లేదని ఇప్పుడే అనలేం. రక్త పరీక్షలో జన్యువును చూస్తేనే తేలుతుంది. మేనమామకు కోపం వచ్చింది. "చదువుకున్నారని మా ఇంటి పెళ్ళి చెడగొడతారా?" అన్నాడు. చాలాసేపు మౌనంగా కూర్చున్నాం. పెళ్ళి వద్దనలేదు మామా, ముందు పరీక్ష చేయించమంటున్నాం అని మాత్రం చెప్పాం.

మందు సంగతి. సియాలిక్ ఆమ్లాన్నే మాత్రగా ఇచ్చి చూసిన పెద్ద ప్రయోగం 2017లో ఫలితం చూపలేదు. అయినా జపాన్‌లో మళ్ళీ పరీక్షించి 2024 మార్చిలో ఆ మందుకు అనుమతిచ్చారు. అదీ జబ్బును నయం చేసేది కాదు. ఇప్పటికి మనకు చేతిలో ఉన్నది ఫిజియోథెరపీ, పాదం వేలాడకుండా పట్టుకునే ప్లాస్టిక్ పట్టీ. అలసిపోయేదాకా బరువులెత్తి కండ పెంచుకోమనే సలహాలు వినకూడదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో కండరాల క్షీణత ఉంది. సదరం సర్టిఫికెట్టులో 40 శాతం వస్తే ఆ చట్టపు రిజర్వేషన్లకు అర్హత ఉంటుంది. 2024 జులై నుంచి మన రాష్ట్రంలో వికలాంగుల పింఛను 6,000 రూపాయలు, తీవ్రమైన కండరాల క్షీణతకు 15,000.

అన్న ఇప్పుడు బూటు లోపల పట్టీ వేసుకుని మిల్లుకు పోతున్నాడు. పోయిన నెల చెల్లెలు ఆదోనిలో రైలెక్కి బెంగళూరు పోయి రక్తం ఇచ్చి వచ్చింది. వారం తర్వాత, ఎవరూ అడగకుండానే, ఆ బావ కూడా పోయి ఇచ్చి వచ్చాడు. రిపోర్టులు ఇంకా రాలేదు.