గగనంలో పరీక్ష

పటాన్‌చెరుకు ఈశాన్యంగా, అనతిదూరంలోనే దుండిగల్ వైమానిక దళ అకాడమీ ఉన్నది. 1971లో ప్రారంభమైన ఆ విద్యాలయంలో పైలట్ శిక్షణ ముగించినవారు రెక్కల చిహ్నాన్ని ధరిస్తారు. పౌర విమానాన్ని నడపగోరేవారికి కావలసింది పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ ఇచ్చే లైసెన్సు. మార్గాలు వేరైనా పరీక్షకుని ఎదుట నిలిచే ప్రశ్న ఒక్కటే: ఈ అభ్యర్థిని ఆకాశంలో ఒంటరిగా విడువవచ్చునా?

రామచంద్రాపురం కర్మాగారంలో టర్బైను భాగం సరిగా ఉన్నదో లేదో కొలపరికరం చెబుతుంది. మనిషి వివేకాన్ని కొలిచే పరికరం ఏది?

లెక్కలు లేకపోలేదు. ప్రైవేటు లైసెన్సుకు 17 ఏళ్ళ వయస్సు, 40 గంటల విమానయానం ఉండాలి. వాణిజ్య లైసెన్సుకు 18 ఏళ్ళు, 200 గంటలు. వాతావరణం, మార్గనిర్ణయం, నిబంధనలు మొదలైన విషయాలలో వ్రాతపరీక్షలున్నవి. అయితే ఇవన్నీ అభ్యర్థిని వాకిలి దాకా మాత్రమే తేగలవు.

అసలు పరీక్ష గాలిలో జరుగుతుంది. పరీక్షకుడు ప్రక్కనే మౌనంగా కూర్చుంటాడు. హఠాత్తుగా ఇంజను వేగాన్ని తగ్గించి, "ఇంజను చెడిపోయిందనుకోండి" అంటాడు. భయపడినవాడు విమానం ముక్కును పైకెత్తబోతాడు. అప్పుడు వేగం క్షీణించి, రెక్కలు పట్టు కోల్పోతాయి. శిక్షణ ఒంటబట్టినవాడు ముందుగా ముక్కును తగినంత దించి వేగాన్ని నిలుపుకొంటాడు. పిదప గాలివాటు గమనించి, దిగదగిన మైదానాన్ని ఎంచుకొని, ఇంధనం అందుతున్నదో లేదో చూస్తాడు. ఏది ముందు, ఏది తరువాత అన్న వివేచననే పరీక్షకుడు కనిపెట్టి చూస్తాడు.

పొరపాటే చేయనివాడి కోసం అతడు వెదకడు. ఎత్తు కొంచెం తప్పినా, తప్పును తానే గుర్తించి దిద్దుకున్నవాడు నమ్మదగినవాడు. దిగుతున్నప్పుడు విమానం అదుపు తప్పుతున్నదనిపిస్తే, మళ్ళీ పైకి లేపి చుట్టి రావడం అవమానం కాదు. పరీక్షకుని మెప్పుకోసం ఎలాగో నేలకు దించబోయేవాడే ప్రమాదకారి. పరీక్షకుడు తన చేయి అడ్డుపెట్టవలసి వచ్చిందా, సాధారణంగా ఆనాటి పరీక్ష అంతటితో సరి.

1929 ఫిబ్రవరి 10న జె.ఆర్.డి. టాటా మన దేశపు మొదటి పైలట్ లైసెన్సును అందుకొన్నారు. నాటికీ నేటికీ విమానాలు ఎంతో మారినవి. ఆ కాగితంలోని అర్థం మారలేదు. తాను ఎన్నడూ చూడబోని ప్రయాణికులకు పరీక్షకుడు పడే పూచీ అది. జాలిపడి సంతకం చేస్తే ఆ జాలికి మూల్యం చెల్లించేది వారే. అందుకే, "మరికొంత అభ్యాసం చేసి రండి" అని ఒక విద్యార్థిని వెనుకకు పంపడం కూడా గురుధర్మమే.